బాధ్యత ఎప్పుడూ కిందికే ఎందుకు జారుతుంది?

గత వేసవిలో నా దగ్గర పరిశోధన చేస్తున్న ఒక విద్యార్థి నాలుగు పుటల కాగితం తెచ్చి బల్ల మీద పెట్టాడు. మొదటి పుట వంద రూపాయల స్టాంపు కాగితం. తక్కినవి చిన్న అక్షరాల్లో అచ్చయిన ఇంగ్లీషు షరతులు. చివరి పుటలో ఒకవైపు మేనేజరు సంతకం, రబ్బరు ముద్ర. మరోవైపు తెలుగులో వంకర టింకరగా రాసుకున్న ఒక పేరు. ఆ పేరు అతని మేనమామది. ‘సార్, ఇందులో మా మామ ఏం ఒప్పుకున్నాడో చదివి చెప్పండి. ఆయనకు ఇంగ్లీషు రాదు. పోలీసులేమో అన్నీ నువ్వే ఒప్పుకున్నావు కదా అంటున్నారు’ అన్నాడు.

జరిగింది ఇది. నగర శివారులో భూగర్భ డ్రైనేజీ పైపులైను కోసం తవ్విన కందకంలో ఒక రాత్రి పక్కగోడ విరిగిపడింది. అడుగున పైపు జాయింటు సరిచూస్తున్న ఇరవై నాలుగేళ్ల యువకుడు మట్టి కింద చిక్కుకుని ప్రాణం విడిచాడు. అతడు నా విద్యార్థికి పెద్దమ్మ కొడుకు. మేస్త్రీకి స్వయానా మేనల్లుడు. నిర్లక్ష్యం వల్ల మరణం సంభవించిందని నమోదైన కేసులో మొదటి నిందితుడు ఆ మేస్త్రీయే. అతనికి పని ఇచ్చిన కంపెనీ పేరు గానీ, ఆ కంపెనీకి పని అప్పగించిన సంస్థ పేరు గానీ అందులో లేవు. అక్క కొడుకును పోగొట్టుకున్న మనిషి, అక్క కొడుకును చంపినవాడిగా ఠాణా మెట్లెక్కాడు.

మేస్త్రీది, మృతుడిది, నా విద్యార్థిది ఒకే కులం. వాళ్లు వడ్డెరలు. ఆ ఒప్పందంలో కులం ప్రస్తావన ఎక్కడా లేదు. నిర్మాణ రంగంలో భద్రతా నిబంధనల గురించి నిపుణులు రాసే వ్యాసాల్లోనూ అది కనిపించదు. అయితే ఆ నాలుగు పుటలను రెండుసార్లు చదివాక నాకు ఒక విషయం స్పష్టమైంది. నిర్మాణ పనుల్లో లాభం ఏ మెట్టున ఆగుతుందో, ప్రమాద బాధ్యత ఏ మెట్టుకు చేరుతుందో నిర్ణయించే సబ్ కాంట్రాక్టు పత్రం, మన నిచ్చెనమెట్ల కుల వ్యవస్థ ఎంతో కాలంగా చేస్తున్న పనినే న్యాయభాషలో చేస్తోంది.

షరతుల్లో ఏముంది?

ఆ ఒప్పందం ప్రకారం కూలీల భద్రతకు సంబంధించిన చట్టాలన్నింటినీ సబ్ కాంట్రాక్టరు తన సొంత ఖర్చుతో పాటించాలి. ప్రమాదం జరిగితే పరిహారం, కేసులు, జరిమానాలు అతడే భరించాలి. కంపెనీ మీద ఏ భారం పడినా దాన్ని అతని బిల్లుల నుంచి కోసుకోవచ్చు. హెల్మెట్లు, బూట్లు, నిచ్చెనలు, కంచె, రాత్రి దీపాలు, అన్నీ అతని పద్దులోనివే. ఇక రేటు దగ్గరకు వస్తే ఒకే ఒక్క అంకె ఉంది: పైపు పరిచిన మీటరుకు ఇంత. కందకం గోడలు విరిగిపడకుండా పలకలు, దన్నులు కట్టడానికి, సైటు భాషలో షోరింగ్‌కు, ఒక్క రూపాయి కూడా విడిగా చూపలేదు.

నేను నా విద్యార్థి చేత ఒక పట్టిక రాయించాను. ఆ పనిలో ఏ నిర్ణయం ఎవరు తీసుకున్నారు? కందకం లోతును నిర్ణయించింది డ్రాయింగు. తవ్వే యంత్రం కంపెనీది, దాని డ్రైవరు కంపెనీ మనిషి. రోడ్డు పగటిపూట తెరిచి ఉంచాలి కాబట్టి రాత్రి పని చేయాలని చెప్పింది కంపెనీ సూపర్‌వైజరు. తవ్విన మట్టిని దూరంగా తరలించడానికి లారీ పెట్టకుండా అంచునే గుట్ట పోయించిందీ వాళ్లే. గడువు ఇచ్చింది పై సంస్థ. ఇన్ని నిర్ణయాలు అయిపోయాక మేస్త్రీ చేతిలో మిగిలింది ఒక్కటే: లోపలికి ఎవరు దిగాలి అన్నది. కాగితం మాత్రం మొత్తం బాధ్యతను ఆ ఒక్క నిర్ణయం తీసుకున్నవాడి నెత్తిన పెట్టింది.

నియమాలు లేక ఇది జరిగిందనుకుంటే పొరపాటు. కేంద్ర ప్రజాపనుల విభాగం తన కాంట్రాక్టులన్నింటికీ జతచేసే భద్రతా నియమావళిలో కందకాల గురించి దశాబ్దాలుగా స్పష్టమైన సూత్రాలున్నాయి. కందకం ఒకటిన్నర మీటర్లు, అంతకు మించి లోతున్నప్పుడు గోడలను ఏటవాలుగా మెట్లు మెట్లుగా కోయాలి, లేదా కలపతో గట్టిగా దన్ను కట్టాలి. తవ్విన మట్టిని అంచు నుంచి ఒకటిన్నర మీటర్ల లోపు గానీ, కందకం లోతులో సగం దూరం లోపు గానీ, ఏది ఎక్కువైతే ఆ లోపు, పోయకూడదు. దిగడానికి, ఎక్కడానికి నిచ్చెనలు ఉండాలి. మా విద్యార్థి అన్న మరణించిన కందకం రెండు నిలువుల లోతు. దన్ను లేదు. మట్టి అంచునే ఉంది. నిచ్చెన ఒక్కటి, అదీ దూరంగా ఉంది.

నియమావళి ఇంత వివరంగా ఉన్నా అది పని స్థలానికి ఎందుకు చేరదు? ఎందుకంటే అదే కాంట్రాక్టు, ఆ భద్రతా ఏర్పాట్లన్నీ కాంట్రాక్టరు తన సొంత ఖర్చుతో చేయాలంటుంది. చేయకపోతే విధించే జరిమానా చాలాకాలం పాటు ఒక్కో లోపానికి వందల రూపాయల్లోనే ఉంటూ వచ్చింది. తక్కువ ధర కోట్ చేసినవాడికే పని దక్కే టెండరులో సొంత ఖర్చు అంటే అర్థం, ఎవరు ఎక్కువ కోత పెడితే వాళ్లకే పని అని. పైవాడు కోసిన మొత్తాన్ని కిందివాడు భరించాలి. ఆ కిందివాడు ఇంకా కిందివాడి మీదికి నెడతాడు. చివరకు నెట్టడానికి ఎవరూ మిగలని చోట ఒక మనిషి కందకంలో నిలబడి ఉంటాడు.

పేరు లేని మెట్టు

ప్రభుత్వ పనిని లిఖితపూర్వక అనుమతి లేకుండా మరొకరికి సబ్ కాంట్రాక్టుకు ఇవ్వకూడదని దాదాపు ప్రతి ప్రభుత్వ ఒప్పందంలోనూ ఉంటుంది. అయితే కేంద్ర ప్రజాపనుల విభాగం షరతుల్లో ఇదే నిషేధం పక్కన కుండలీకరణాల్లో ఒక మినహాయింపు ఉంది. ముక్క పని లెక్కన కూలీలను పెట్టుకోవడాన్ని సబ్ కాంట్రాక్టుగా పరిగణించరాదన్నది దాని సారం. చదవడానికి అమాయకంగా కనిపించే ఈ కుండలీకరణంలోనే గుంపు మేస్త్రీ బతుకు మొత్తం ఇరుక్కుని ఉంది.

మీటరుకు ఇంత, క్యూబిక్ మీటరుకు ఇంత, చదరపు అడుగుకు ఇంత అని గుత్తకు తీసుకునే మేస్త్రీ, పని ఇచ్చిన ప్రభుత్వ శాఖ దృష్టిలో సబ్ కాంట్రాక్టరే కాదు. అతనికి అనుమతి అక్కర్లేదు. కాబట్టి అతని అర్హతను, అతని రేటును, అతని కింద ఎందరున్నారన్నదాన్ని ఎవరూ పరిశీలించరు. బిల్లు పాస్ చేసేటప్పుడు అతడు కనిపించడు. ప్రమాదం జరిగిన మరునాడు మాత్రం కంపెనీ తన ఫైలులోంచి స్టాంపు కాగితం తీసి, ఇదిగో స్వతంత్ర సబ్ కాంట్రాక్టరు, సర్వబాధ్యతలూ ఇతనివే అని చూపిస్తుంది. లాభం లెక్కగట్టేటప్పుడు కూలీ, నేరం లెక్కగట్టేటప్పుడు యజమాని. ఒకే మనిషి అవసరాన్ని బట్టి రెండు రూపాలు ధరించవలసి వస్తోంది.

ఈ మెట్టు మీద ఎవరుంటారన్నది యాదృచ్ఛికం కాదు. పెద్ద కాంట్రాక్టు సంస్థలు నిలబడాలంటే బ్యాంకు గ్యారంటీలు, ధరావతు, యంత్రాలు, రాజకీయ సాన్నిహిత్యం కావాలి. అవన్నీ భూమి నుంచి, భూమితో వచ్చిన పరపతి నుంచి పుట్టినవి. తెలుగు నేల మీద ఆ భూమి ఏ కులాల చేతుల్లో ఉందో విద్యార్థులకు నేను చెప్పనక్కర్లేదు. కింది మెట్టున నిలబడటానికి కావలసింది వేరు: ఊళ్లో ఇరవై కుటుంబాల నమ్మకం, వాళ్లకు అడ్వాన్సు పంచగల చనువు, మట్టినీ రాయినీ కొట్టే ఒడుపు. అవి వడ్డెరకు, మాదిగకు, మాలకు, బోయకు, లంబాడాకు ఉన్నాయి. ఆ రెండు రకాల ఆస్తుల మధ్య ఉన్న అగాధమే సబ్ కాంట్రాక్టు వ్యవస్థకు పునాది.

పాలమూరు పాఠం

ఈ వ్యవస్థకు మన దగ్గరున్న పాతబడిన పేరు పాలమూరు లేబరు. కరువు నేల నుంచి గుంపు మేస్త్రీ ఇచ్చిన అడ్వాన్సు పట్టుకుని, పిల్లాపాపలతో, తట్టాపారలతో దేశమంతటా ఆనకట్టలకూ కాల్వలకూ రోడ్లకూ వెళ్లిన జనం వాళ్లు. వాళ్లలో అత్యధికులు దళితులు, వెనుకబడిన కులాలవారు, గిరిజనులు. అడ్వాన్సు తీరేదాకా పని వదలడానికి వీల్లేదు. ప్రమాదకరమైన చోట దిగనని చెప్పే స్వేచ్ఛను ఆ అడ్వాన్సు ముందే కొనేసింది. భద్రత గురించి మాట్లాడేటప్పుడు హెల్మెట్ల లెక్క చెబుతాం గానీ, దిగను అనగలిగే హక్కే మొదటి భద్రతా పరికరమని మరచిపోతాం.

వడ్డెరల చరిత్ర ఈ సందర్భంలో ప్రత్యేకంగా గుర్తుచేయదగినది. చెరువులు తవ్వి, గట్లు పోసి, రాళ్లు కొట్టి, బావులు దింపి ఈ ప్రాంతానికి నీళ్లిచ్చిన కులం అది. మట్టి రంగు చూసి, చేతిలో నలిపి చూసి గోడ నిలుస్తుందో లేదో చెప్పగల జ్ఞానం వాళ్లది. అలాంటి కులంలోని కొన్ని సమూహాలను బ్రిటిష్ పాలకులు నేరస్థ జాతుల చట్టం కింద నమోదు చేశారు. 1952లో ఆ చట్టం రద్దయింది. కర్ణాటకలో భోవి, వొడ్డ పేర్లతో వాళ్లు షెడ్యూల్డ్ కులాల జాబితాలో ఉన్నారు. తెలుగు రాష్ట్రాల్లో బీసీ–ఏ లో ఉన్నారు. ఒకనాడు పుట్టుక చేత నేరస్థులుగా ముద్రపడినవారి మనుమలు ఇవాళ స్టాంపు కాగితం చేత నేరస్థులవుతున్నారు. తరతరాల మట్టి జ్ఞానానికి రేటులో విలువ కట్టనివారు, గోడ విరిగిన రోజున మాత్రం ‘అనుభవజ్ఞుడివి కదా, నీకు తెలియదా’ అని అడుగుతున్నారు.

మెట్లు అలాగే ఉంటాయి, మనుషులు మారుతుంటారు. 2025 ఫిబ్రవరి 22న పాత పాలమూరు జిల్లా భూమిలోనే, నాగర్‌కర్నూల్ జిల్లా దోమలపెంట వద్ద శ్రీశైలం ఎడమగట్టు కాలువ సొరంగం కూలి ఎనిమిది మంది లోపల చిక్కుకున్నారు. వాళ్లలో ఒక్కరూ తెలుగువారు కారు. కూలీలు నలుగురూ జార్ఖండ్ నుంచి వచ్చినవాళ్లు. వారాల తరబడి వెదికినా రెండు మృతదేహాలే బయటికి వచ్చాయి. ఒకప్పుడు పరాయి రాష్ట్రాల కాల్వలు తవ్విన నేలకు ఇప్పుడు పరాయి రాష్ట్రాల బిడ్డలు వచ్చి సొరంగాలు తవ్వుతున్నారు. పాలమూరు మాత్రం ఇంకా ముంబయి, పుణె బస్సులు ఎక్కుతూనే ఉంది.

చట్టం చెప్పేది వేరు

నా విద్యార్థికి నేను మొదట చెప్పిన మాట: మీ మామ సంతకం పెట్టినంత మాత్రాన కంపెనీ చేతులు కడుక్కోలేదు. మన చట్టాలు బాధ్యతను కిందికి జారనివ్వకూడదన్న ఎరుకతోనే రాసినవి. 1923 నాటి కార్మిక పరిహార చట్టం 12వ సెక్షన్ ప్రకారం, తన వ్యాపారంలో భాగమైన పనిని కాంట్రాక్టరు ద్వారా చేయించుకున్నవాడు, ఆ కాంట్రాక్టరు కూలీకి ప్రమాదం జరిగితే తన సొంత కూలీకి ఇచ్చినట్టే పరిహారం చెల్లించాలి. ఆ మొత్తాన్ని తర్వాత కాంట్రాక్టరు నుంచి రాబట్టుకోవడం వాళ్లిద్దరి మధ్య తగవు; కూలీ కుటుంబానికి దానితో నిమిత్తం లేదు. 1970 నాటి కాంట్రాక్టు లేబర్ చట్టం వేతనాల విషయంలో ఇదే చెప్పింది. 1996 నాటి భవన, ఇతర నిర్మాణ కార్మికుల చట్టం నిరంతర పర్యవేక్షణను, ప్రమాద నివారణను యజమాని విధిగా పేర్కొని, కాంట్రాక్టరు పరిహారం ఎగ్గొడితే యజమానే చెల్లించాలంది.

1982లో ఏషియాడ్ నిర్మాణ కార్మికుల కేసులో సుప్రీంకోర్టు ముందుకు వచ్చిన వాస్తవం చిన్నదిగా కనిపించేది. రోజుకు 9 రూపాయల 25 పైసల కనీస వేతనంలో రూపాయిని జమేదారు కమీషనుగా కోసుకుని కూలీకి 8 రూపాయల 25 పైసలు ఇచ్చేవాడు. చట్టాలను అమలు చేయవలసింది కాంట్రాక్టర్లే అన్న వాదనను న్యాయస్థానం అంగీకరించలేదు. పని చేయించుకుంటున్న ప్రభుత్వ సంస్థలు తమ బాధ్యత నుంచి తప్పించుకోజాలవంది. కనీస వేతనం కన్నా తక్కువకు చేయించే పని రాజ్యాంగం 23వ అధికరణం నిషేధించిన వెట్టిచాకిరీ కిందికే వస్తుందని తేల్చింది. వెట్టి అన్న మాట కులంతో ముడిపడినదని మన ప్రాంతంలో ఎవరికైనా తెలుసు. న్యాయస్థానం ఆ రూపాయి కోతలో వెట్టిని చూడగలిగింది. నేటి సబ్ కాంట్రాక్టు షరతుల్లో దాన్ని చూడటానికి మనం ఎందుకు వెనుకాడుతున్నాం?

డాక్టర్ అంబేడ్కర్ 1942 నుంచి 1946 దాకా వైస్రాయి కార్యనిర్వాహక మండలిలో కార్మిక శాఖ సభ్యుడు. కేంద్ర ప్రజాపనుల విభాగం అప్పట్లో ఆయన శాఖ కిందే ఉండేది. కార్మిక చట్టం, ప్రభుత్వ నిర్మాణ పనులు ఒకే బల్ల మీద ఉండిన ఆ కాలం మనకు ఒక సూచన ఇస్తుంది. నేడు పనులు ఇచ్చే శాఖ వేరు, కార్మికుణ్ని కాపాడవలసిన శాఖ వేరు. ఒకదాని ఫైలు మరొకదానికి చేరదు.

మ్యాన్‌హోల్ నేర్పిన సంగతి

మురుగు పని కులం పనేనని రాజ్యం ఒప్పుకున్న చోట చట్టం కొంత ముందుకు నడిచింది. 2013 నాటి చట్టం రక్షణ పరికరాలు లేకుండా మురుగు కాల్వలు, సెప్టిక్ ట్యాంకుల్లోకి మనిషిని దింపడాన్ని నేరం చేసింది. 2014లో సఫాయి కర్మచారీ ఆందోళన్ కేసులో సుప్రీంకోర్టు మృతుల కుటుంబాలకు 10 లక్షల పరిహారం ఆదేశించింది. 2023 అక్టోబరులో బల్‌రాం సింగ్ కేసులో దాన్ని 30 లక్షలకు పెంచింది. ఆ తీర్పులో అంతగా చర్చకు రాని ఆదేశం ఒకటుంది: మురుగు పనులకు నమూనా ఒప్పందాలు రూపొందించాలి, దుర్ఘటన జరిగితే ఆ ఏజెన్సీ కాంట్రాక్టు కోల్పోవాలి, అవసరమైతే నిషేధిత జాబితాలో చేరాలి. అంటే ఒప్పందం షరతుల్లోనే కుల న్యాయం ఉందని దేశ అత్యున్నత న్యాయస్థానం గుర్తించింది.

‘నమస్తే’ పథకం కింద ప్రభుత్వం 2024 నాటికి నమోదు చేసిన సుమారు 38 వేల మంది మురుగు కార్మికుల్లో దాదాపు 92 శాతం ఎస్సీ, ఎస్టీ, ఓబీసీలు. ఎస్సీలే 69 శాతం. మురుగు మరణాలపై ప్రభుత్వమే జరిపించిన సామాజిక తనిఖీలో పరిశీలించిన 54 మరణాల్లో 49 చోట్ల మృతుడి ఒంటిమీద ఎలాంటి రక్షణ పరికరమూ లేదు. లెక్కపెట్టారు కాబట్టి ఈ మాట చెప్పగలుగుతున్నాం.

ఇక్కడొక వింత ఉంది. కట్టి పూర్తయిన మురుగు కాల్వలో దిగి మరణిస్తే 2013 చట్టం, 30 లక్షల పరిహారం. అదే కాల్వను కడుతూ, మురుగు ఇంకా పారకముందే, మట్టి కింద మరణిస్తే అది కేవలం నిర్మాణ ప్రమాదం. మృతుడి కులం ఒకటే, కందకం ఒకటే, పైపు ఒకటే. నిర్మాణ ప్రమాదాన్ని తెలిపే పత్రంలో కులం రాసే గడి లేదు. గడి లేదు కాబట్టి లెక్క లేదు. లెక్క లేదు కాబట్టి ప్రమాదానికి కులం లేదని వాదించడం సులువు.

వచ్చే అభ్యంతరాలు

మేస్త్రీ కూడా దోపిడీదారుడే కదా అని అడిగేవారున్నారు. అది నిజమే. మేస్త్రీ కమీషను తీసుకుంటాడు. అడ్వాన్సుతో కట్టిపడేస్తాడు. ఆడవాళ్లకు తక్కువ కూలీ ఇస్తాడు. సొంత కులం వాడు కావడం అతణ్ని దయాళువుగా మార్చదు. నా విద్యార్థి మేనమామ నిర్దోషి అని నేను వాదించడం లేదు. ఆ రాత్రి గోడ చెమ్మగిల్లి ఉందని తనకు తెలుసని ఆయనే నాతో చెప్పాడు. సూపర్‌వైజరుకు నోటిమాటగా చెప్పాడట. తెల్లవారేలోగా పైపు పడాలన్నాడట. ‘మరి మేనల్లుణ్ని ఎందుకు దింపారు’ అని అడిగాను. చాలాసేపు మాట్లాడలేదు. ‘పరాయోళ్ల బిడ్డను దింపి ఏమన్నా అయితే ఊళ్లో మొకం ఎట్ల చూపిస్త సారూ? అందుకే మావోణ్ని దింపిన’ అన్నాడు.

ఆ మాట విన్నప్పటి నుంచి నన్ను వదలడం లేదు. ప్రమాదం తెలిసి కూడా దింపాడు కాబట్టి అతనికి నేరంలో భాగం ఉంది. కానీ దింపను అనే అవకాశం తన చేతిలో లేదని నమ్మి, ఉన్నంతలో తన నైతికతను మేనల్లుడి ప్రాణంతో నిలుపుకోవాలని చూశాడు. భారతీయ న్యాయ సంహిత 106వ సెక్షన్ నిర్లక్ష్య మరణానికి శిక్షను పాత చట్టంలోని రెండేళ్ల నుంచి ఐదేళ్ల దాకా పెంచింది. శిక్ష పెంచినంత మాత్రాన అది పై మెట్టుకు చేరదు. నిందితుల వరుసలో మొదటి పేరు మేస్త్రీది అయినంతకాలం, శిక్ష పెరగడమంటే కింది మెట్టువాడికి జైలు పెరగడమే.

కఠిన నిబంధనలు పెడితే ఇప్పుడిప్పుడే పైకి వస్తున్న దళిత, బీసీ చిన్న కాంట్రాక్టర్లు దెబ్బతింటారన్నది రెండో అభ్యంతరం. దీన్ని తేలికగా కొట్టిపారేయలేం. కర్ణాటకలో నిర్ణీత విలువ లోపు ప్రభుత్వ పనుల్లో ఎస్సీ, ఎస్టీ కాంట్రాక్టర్లకు 24.1 శాతం కేటాయింపు ఉంది. ఆంధ్రప్రదేశ్ 2019లో నామినేషన్ పనుల్లో సగం బలహీన వర్గాలకు కేటాయిస్తూ చట్టం చేసింది. అవి పోరాడి సాధించుకున్నవి. అయితే భద్రత ఖర్చును రేటులో చూపకుండా, నిబంధన మాత్రం విధిస్తే, పనితోపాటు ప్రమాదాన్ని కూడా రిజర్వు చేసినట్టే. చిన్న కాంట్రాక్టరుకు కావలసింది నియమాల నుంచి మినహాయింపు కాదు, నియమాలు పాటించడానికి తగిన రేటు.

కొత్త కోడ్లు, పాత మెట్లు

2025 నవంబరు 21 నుంచి నాలుగు కార్మిక కోడ్లు అమలులోకి వచ్చాయి. పైన చెప్పిన పాత చట్టాలు వాటిలో కలిసిపోయాయి. పరిహారంలో ప్రధాన యజమాని బాధ్యత అనే సూత్రం కొనసాగుతోంది. నిర్మాణ స్థలాల భద్రతా నియమాలు పది మంది కార్మికుల నుంచే వర్తిస్తాయి. కానీ కాంట్రాక్టు కార్మికులకు సంబంధించిన అధ్యాయం వర్తించే సంఖ్య కేంద్ర చట్టంలోని 20 నుంచి 50కి పెరిగింది. గుంపు మేస్త్రీ కింద ఇరవై, ముప్పై మంది ఉండటం సర్వసాధారణం. ఎనభై మందితో చేయించే పనిని ముగ్గురు మేస్త్రీలకు పంచితే ఆ మేస్త్రీల్లో ఎవరికీ లైసెన్సు అక్కర్లేదు. అంటే, పేరు లేని మెట్టు చట్టం సాక్షిగా మరింత వెడల్పయింది.

సంక్షేమం సంగతీ అంతే. నిర్మాణ వ్యయంపై ఒక శాతం సెస్సు వసూలవుతుంది. 37,400 కోట్లకు పైగా వసూలు చేసి, సుమారు 9,500 కోట్లే కార్మికుల కోసం వెచ్చించారని 2018లో సుప్రీంకోర్టు రాష్ట్రాలను నిలదీసింది. మా విద్యార్థి అన్నకు కార్మికుడిగా నమోదు కార్డు లేదు. తొంభై రోజులు పని చేశాడని ధ్రువీకరించవలసినవాడు మేస్త్రీ. ఆ మేస్త్రీకి ఎక్కడా గుర్తింపు లేదు.

ఏం చేయాలి?

నాలుగు మార్పులు వెంటనే సాధ్యం. వీటికి కొత్త చట్టం అక్కర్లేదు, టెండరు పత్రం మార్చితే చాలు. మొదటిది, భద్రత ఖర్చును టెండరులో విడి అంశంగా చూపి, దాని మొత్తాన్ని ప్రభుత్వమే నిర్ణయించాలి. ఆ అంకె మీద ఎవరూ తగ్గించి కోట్ చేయకూడదు, పని స్థలంలో దన్ను కట్టాకే ఆ బిల్లు చెల్లించాలి. రెండవది, ముక్క పనికి ఇచ్చిన మినహాయింపును తొలగించి, ప్రతి మేస్త్రీ పేరు, అతని రేటు, అతని గుంపు జాబితా పని ఇచ్చిన శాఖ వద్ద నమోదు కావాలి. అతని ఒప్పందం తెలుగులో ఉండాలి. మూడవది, లోతు, యంత్రం, వేళ, గడువు ఎవరు నిర్ణయించారో దర్యాప్తు అధికారి మొదట రాయాలి. నిందితుల వరుస ఆ క్రమంలోనే ఉండాలి. నాలుగవది, నిర్మాణ ప్రమాదాల నివేదికలో మృతుల, క్షతగాత్రుల సామాజిక వర్గాన్ని నమోదు చేసి ఏటా ప్రకటించాలి. 2024లో ఇంటింటికీ తిరిగి కులాన్నీ జీవనోపాధినీ నమోదు చేసుకున్న తెలంగాణ ప్రభుత్వానికి ఇది కష్టమైన పని కాదు.

విద్యార్థులు చేయగలిగిందీ ఉంది. మీ క్యాంపస్‌లో లేస్తున్న ప్రతి భవనం గురించి సమాచార హక్కు చట్టం కింద మూడు ప్రశ్నలు అడగండి: పని ఎన్ని చేతులు మారింది, నమోదైన కార్మికులెందరు, భద్రతకు ఎంత చెల్లించారు? రోహిత్ పేరిట, అంబేడ్కర్ పేరిట సభలు జరుపుకునే సభామందిరాలను ఏ కులాల వాళ్లు, ఏ షరతుల మీద కడుతున్నారో తెలుసుకోవడం కూడా కుల నిర్మూలన రాజకీయాల్లో భాగమే.

ఈ మాట నాకు నేను కూడా చెప్పుకుంటున్నాను. కొన్నేళ్ల క్రితం ఒక భవన నిర్మాణ కమిటీలో సభ్యుడిగా టెండరు పత్రం మీద నేనూ సంతకం పెట్టాను. భద్రత అంతా కాంట్రాక్టరు సొంత ఖర్చు అన్న వాక్యం అందులోనూ ఉంది. కులం మీద పుస్తకం రాసినవాణ్ని, ఆ వాక్యం దగ్గర ఆగలేదు. మొన్నటి సమావేశంలో భద్రతకు విడి అంకె పెట్టమని అడిగాను. అలా చేస్తే అంచనా వ్యయం పెరుగుతుందని ఇంజినీరు అన్నారు. పెరగదని నేను అనలేదు. ఇంతకాలం ఆ ఖర్చును ఎవరు భరించారో మినిట్స్‌లో రాయమన్నాను. చర్చ వచ్చే సమావేశానికి వాయిదా పడింది. మేస్త్రీ కేసు కూడా వాయిదాల్లోనే ఉంది. నా విద్యార్థి ప్రతి వాయిదాకూ మామ వెంట కోర్టుకు వెళ్లి, ఆ నాలుగు పుటల తెలుగు అనువాదాన్ని సంచిలో పెట్టుకుని తిరిగి వస్తున్నాడు.